డ్రమ్ములో జామచెట్టు

బదిలీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల ఇళ్లలో రెండు రకాల సామాను కనిపిస్తుంది. విప్పి వాడుకునేవి కొన్ని, కట్టిన తాడు విప్పకుండానే ఊరి నుంచి ఊరికి తిరిగేవి కొన్ని. మా ఇంట్లో మూడో రకం కూడా ఒకటుంది. దానికి రోజూ నీళ్లు పోయాలి, ఎండ చూపించాలి, చలికాలంలో వరండాలోకి జరపాలి. అదే మా జామచెట్టు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోయించి అందులో పెంచాం. పదేళ్లలో మాతోపాటు నాలుగు రాష్ట్రాలు తిరిగింది.

నవోదయ విద్యాలయాల్లో పనిచేసే తెలుగు టీచర్ల సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. ఉత్తరాదిలో మీకేం పని అని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. మన విద్యాలయాల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో నూటికి ముప్పై మందిని హిందీ ప్రాంతానికీ ఇతర భాషల ప్రాంతానికీ మధ్య మార్పిడి చేసుకుంటారు. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో పిల్లలు వచ్చే హిందీ ప్రాంతపు విద్యాలయంలో తెలుగు చెప్పేవాళ్లు ఉండాలి. అక్కడి పిల్లలు కూడా తెలుగును మూడో భాషగా నేర్చుకుంటారు. అలా నా మొదటి ఉద్యోగం 2013లో మధ్యప్రదేశ్‌లోని మాల్వా ప్రాంతంలో పడింది. అక్కడ నల్లరేగడి నేల. వానాకాలంలో చెప్పుకు ఒక శేరు మట్టి అంటుకునేది, వేసవిలో అదే నేల బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చేది.

మాది నెల్లూరు జిల్లా. మా పెరట్లో జామచెట్టుకు ఎన్ని కాయలు కాసేవో ఎవరూ లెక్కపెట్టలేదు. చిలకలు తిన్నన్ని తినేవి, మేం కోసుకున్నన్ని కోసుకునేవాళ్లం, మిగిలినవి రాలిపోయేవి. ఉప్పూ కారం అద్దుకుని దోరకాయ కొరికితే వచ్చే చప్పుడు కోసమే 2014లో ఒక నర్సరీలో అరవై రూపాయలిచ్చి అంటుమొక్క కొన్నాను. రకం లక్నో-49. దీన్నే సర్దార్ జామ అని కూడా అంటారు. చెట్టు మరీ ఎత్తు పెరగదు, కొమ్మలు పక్కలకు విస్తరిస్తాయి, కాయ పెద్దది, లోపల తెల్లగా ఉంటుంది.

కుండీలో పెంచడానికి జామ ఎందుకంటే కారణం ఉంది. జామకు పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. కొమ్మ కత్తిరిస్తే పక్క నుంచి చిగుళ్లు వస్తాయి, ఆ చిగుళ్లలోనే మొగ్గలు తొడుగుతాయి. అందువల్ల చెట్టును మనిషి ఎత్తులో కత్తిరించి ఉంచినా కాపు ఆగదు. అంటుమొక్క అయితే రెండో ఏటికే కాయ చూపిస్తుంది. గింజ నాటితే అంతకన్నా చాలా ఆలస్యమవుతుంది, పైగా తల్లి చెట్టు గుణం వస్తుందన్న నమ్మకం లేదు. నాలుగేళ్లకో అయిదేళ్లకో ఊరు మారేవాళ్లకు ఇంతకన్నా అనువైన పండ్లచెట్టు నాకు కనబడలేదు.

మొదటి ఏడాది పన్నెండు అంగుళాల మట్టికుండీ సరిపోయింది. రెండో ఏడాది డ్రమ్ములోకి మార్చాం. అడుగున వేలు దూరేంత రంధ్రాలు ఎనిమిది పెట్టించి, వాటి మీద పెంకుముక్కలు వేసి, పైన మట్టి నింపాం. మాల్వా నల్లమట్టి ఒక్కటే వేస్తే నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుంది. అందుకని రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపాం. కొబ్బరిపొట్టు తేమను పట్టి ఉంచుతుంది, బరువూ తగ్గిస్తుంది. చెట్టుతో ప్రయాణం చేయాల్సినవాళ్లకు బరువు చిన్న విషయం కాదు.

నీళ్ల విషయంలో మా పిల్లలకు నేర్పింది ఒక్కటే సూత్రం. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే పోయొద్దు, పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే పైమట్టి తడుస్తుంది, అడుగు వేరుకు అందదు.

మా అత్తయ్య మాత్రం ఆ డ్రమ్మును చూసినప్పుడల్లా ఒకే మాట అనేది. "కుండీలో చెట్టంటే చంకలో బిడ్డ లాంటిదే అమ్మాయీ. ఎంతకాలం ఎత్తుకుంటావు? ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించాల్సిందే." అప్పుడు నవ్వి ఊరుకునేదాన్ని. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

2017లో రాజస్థాన్ పశ్చిమ భాగానికి బదిలీ అయింది. లారీ డ్రైవర్ డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగి, "మేడమ్‌జీ, దీన్ని సామాను కింద రాయాలా, సవారీ కింద రాయాలా?" అని హిందీలో అడిగాడు. చెట్టు ప్రయాణానికి మేం చేసిన ఏర్పాట్లు ఇవి. పది రోజుల ముందు కొమ్మల్ని మూడోవంతు కత్తిరించాం. ఆకు తక్కువైతే నీటి ఖర్చు తక్కువ. కాయలన్నీ కోసేశాం. బయల్దేరే ముందురోజు నిండుగా నీళ్లు పెట్టి, మట్టి కదలకుండా పైన తడి గోనె కప్పి తాడుతో బిగించాం. కొమ్మల్ని పాత చీరతో చుట్టి గాలి దెబ్బ తగలకుండా క్యాబిన్ వెనక నిలబెట్టాం.

చేరిన వారానికి ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. మూడో వారానికి చెట్టు దాదాపు బోడి అయిపోయింది. అప్పుడు మా పాపకు నాలుగేళ్లు. రోజూ పొద్దున్నే రాలిన ఆకులు ఏరి గిన్నెలో వేసి నా ముందు పెట్టేది. చోటు మారిన మొక్క ముందు ఆకులు వదిలేసి వేరును కాపాడుకుంటుంది. అలాంటప్పుడు త్వరగా కోలుకోవాలని ఎరువు వేయకూడదు. అలసిపోయిన వేరుకు ఎరువు భారం. నీడలో ఉంచి, తడి ఆరకుండా చూసి, ఆగాలి. నెల దాటాక ఒక కణుపు దగ్గర ఎర్రని చిగురు కనబడింది. పాప అప్పటికి కొత్త ఊళ్లో ఇద్దరు స్నేహితుల్ని సంపాదించుకుంది, హిందీలో పోట్లాడటం కూడా నేర్చుకుంది.

ఎడారి అంచున చెట్టు పెంచడం వేరే చదువు. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండ, దాని మీద 'లూ' అనే వడగాలి. నేల మీద చెట్టుకు వేరు చల్లగా ఉంటుంది. డ్రమ్ములో చెట్టుకు గోడలన్నీ కాలుతాయి, వేరు ఉడికిపోతుంది. మేం డ్రమ్ము చుట్టూ రెండు వరసల గోనె చుట్టి రోజూ తడిపేవాళ్లం, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరిచాం. పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా తూర్పు వరండా పక్కకు జరిపాం. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి. కొన్నాళ్లకు మట్టి మీద తెల్లని పెచ్చు కట్టింది, ఆకుల అంచులు మాడాయి. పైపెచ్చు గీకేసి, నెలకోసారి పట్టి పెట్టుకున్న వాననీటిని డ్రమ్ము అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తే ఉప్పు కడిగినట్టు పోయింది. జామ మొండి చెట్టు. మట్టి కాస్త ఆమ్లమైనా, కాస్త క్షారమైనా సర్దుకుంటుంది. ఆ ఏడాది కాసినవి మూడే కాయలు. ఒకటి మాకు, ఒకటి పక్క క్వార్టర్‌లోని లెక్కల సార్ ఇంటికి, ఒకటి ఉడతకు.

ఊరూరా తిరిగినందుకు తెలుగు టీచరుగా నాకు దక్కిన లాభం ఒకటుంది. జామకు దేశమంతటా ఎన్ని పేర్లో తెలిశాయి. హిందీలో అమ్రూద్. పారశీకంలో ఆ మాటకు అర్థం బేరిపండు. మరాఠీలో పేరూ, బెంగాలీలో పేయారా, ఒడియాలో పిజుళి, తమిళంలో కొయ్యా, కన్నడంలో సీబె. మన 'జామ'ను మాత్రం జాగ్రత్తగా వాడాలి. హిందీ పిల్లలకు "జామ" అని చెబితే జామున్ అనుకుని నేరేడుపండు బొమ్మ గీస్తారు. మొదటిసారి ఆరో తరగతిలో ముప్పై నోటుపుస్తకాల్లో ముప్పై ఊదారంగు జామపండ్లు చూసి నవ్వాపుకోలేకపోయాను. అసలు ఈ చెట్టు ఇక్కడిది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చిందని చెబుతారు. ఇప్పుడు జామ లేని పల్లె ఉందా? ప్రయాగ్‌రాజ్ ఎర్రజామకు అలహాబాదీ సుర్ఖా పేరిట భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బదిలీ మీద వచ్చిన చెట్టుకు ఊరి పేరే ఇంటిపేరయిందన్నమాట.

2021లో ఉత్తరప్రదేశ్ పశ్చిమ భాగానికి వెళ్లాం. అక్కడి చలి చెట్టుకు కొత్త. డిసెంబరులో పొగమంచు దిగితే పది గంటలకు కూడా సూర్యుడు కనబడడు. జామ ఆకులు చలికి ఊదారంగుకు తిరిగాయి. మంచు గడ్డకట్టే రాత్రులు లేత జామ తట్టుకోదు. నేలలో చెట్టయితే చుట్టూ గడ్డి కట్టాలి, పొగ వేయాలి. మాకు ఆ అవసరం రాలేదు, నలుగురం పట్టుకుని డ్రమ్మును వరండాలోకి జరిపేవాళ్లం. కుండీ వల్ల ఉన్న మేలు అదే.

అక్కడి తోటమాలి చాచా నాకు మరో సంగతి నేర్పాడు. జామ ఏడాదికి రెండు మూడుసార్లు పూస్తుంది. వేసవి మొదట్లో పూసిన పూత వానాకాలంలో పండుతుంది. ఆ కాయ నీరుకారి చప్పగా ఉంటుంది, పండుఈగ గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. వానలు మొదలయ్యాక పూసింది చలికాలంలో పండుతుంది. తీపీ వాసనా దానిదే. అందుకని వేసవి పూతను గిల్లేస్తే చెట్టు బలమంతా చలికాలపు కాపుకు మిగులుతుంది. ఇది విన్న పిల్లలు నమ్మలేదు. పూసిన పూలు చేతులారా తుంచేయడమేంటని గొడవ చేశారు. సరే, సగం కొమ్మలకు గిల్లుదాం, సగం ఉంచుదాం అన్నాను. ఆగస్టులో దక్కిన కాయలు కోస్తే అయిదింట నాలుగింట్లో పురుగులున్నాయి. డిసెంబరులో గిల్లిన కొమ్మల నుంచి పదకొండు మంచి కాయలు దిగాయి. కాయ నిమ్మకాయంత కాగానే పాత చున్నీతో కుట్టిన సంచులు తొడిగాం కాబట్టి చిలకల బాధ కూడా తప్పింది. నారింజతో పోలిస్తే జామలో సి విటమిన్ దాదాపు నాలుగు రెట్లు ఉంటుందని మా సైన్స్ మేడమ్ చెప్పాక ఆ పదకొండు కాయలకూ మెస్సులో గిరాకీ పెరిగింది.

ఆ ఏడాది ఆంధ్ర నుంచి వచ్చిన మైగ్రేషన్ పిల్లల్లో అనంతపురం జిల్లా కుర్రవాడు ఒకడుండేవాడు. జూలైలో వచ్చాడు. రొట్టె మింగుడుపడేది కాదు, హిందీ అర్థమయ్యేది కాదు. రెండో వారంలో నా దగ్గరికి వచ్చి, "మేడమ్, టీసీ ఇప్పించండి, ఇంటికి పోతా" అన్నాడు. అలా అడిగే పిల్లలకు ఏం చెప్పాలో నేను ఏ శిక్షణలోనూ వినలేదు. ఓర్చుకోమనడం తేలిక. ఓర్చుకోవాల్సింది మనం కానప్పుడు ఇంకా తేలిక. వాడికి నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. సాయంత్రం ఆటల సమయం అయ్యాక అరగంట చెట్టుకు నీళ్లు పోసే పని అప్పగించాను. ఆ అరగంటా తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల వేరుశనగ చేను గురించి, ఎండిపోయిన బోరు గురించి, చిన్న చెల్లెలి గురించి చెప్పేవాడు. ఒకరోజు కాయలు లెక్కపెడుతూ, "మా ఇంటికాడ చెట్టుకు ఎన్ని కాయలో ఎవరూ లెక్కపెట్టరు మేడమ్. ఈడ పదకొండు కాయలకు రోజూ లెక్కే" అని నవ్వాడు. నా చిన్నప్పటి మాటే వాడి నోట విన్నాను.

దసరా సెలవులకు అందరూ ఇళ్లకు వెళ్లారు. వాడు తిరిగి వచ్చాడు. వాడితోపాటు మొదట్లో ఏ ఇబ్బందీ లేదన్నట్టు చలాకీగా తిరిగిన ఒక అమ్మాయి మాత్రం రాలేదు. వాళ్ల నాన్న ఫోన్ చేసి, పంపలేమని చెప్పారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. రాజస్థాన్‌లో నేను కట్టిన మూడు అంట్లలో రెండు బతకలేదు. అదే మట్టి, అవే నీళ్లు, అదే చెయ్యి. అందరినీ ఒకేసారి పాతి, అందరూ ఒకేలా నాటుకోవాలని పట్టుబట్టడం టీచర్లుగా మనకు తగదని ఆ ఏడాది తర్వాత నాకు గట్టిగా అనిపించింది. వచ్చే పిల్లల జాబితా అందగానే మొదటి నెలలో ప్రతి ఒక్కరితో విడిగా పది నిమిషాలు మాట్లాడటం అప్పటి నుంచి పెట్టుకున్నాను. పైకి బాగున్నవాళ్లతో ముందుగా మాట్లాడతాను.

అంటు గురించి వివరంగా చెప్పాలి. వానలు పడే జూలై, ఆగస్టు నెలల్లో పెన్సిలంత లావున్న ఏడాది వయసు కొమ్మ ఎంచుకోవాలి. ఒక అంగుళం మేర బెరడును ఉంగరంలా ఒలిచి, లోపలి జిగురు పొరను చాకుతో గీకేయాలి. ఆ చోట తడిపి పిండిన నాచు గానీ కొబ్బరిపొట్టు గానీ ముద్దగా పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు చివరలా బిగించాలి. నెల, నెలన్నరలో కాగితం లోంచి తెల్లని వేళ్లు కనబడతాయి. అప్పుడు ముద్ద కింద కోసి చిన్న కుండీలో నాటి, కొన్నాళ్లు నీడలో ఉంచాలి. ఇది ఎలా జరుగుతుందో ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. నీళ్లు లోపలి కర్ర గుండా పైకి ఎక్కుతాయి కాబట్టి కొమ్మ వాడదు. ఆకు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగాలి. బెరడు తెగిన చోట అది ఆగి పోగుపడుతుంది. అక్కడే వేరు పుడుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, తల్లి చెట్టు నీళ్లు ఇస్తూనే ఉంటుంది, కొమ్మ తన వేరు తాను తెచ్చుకుంటుంది.

'అంటు' అంటే తాకడం, అతుక్కోవడం. మనుషుల్ని ఊరవతల నిలబెట్టిన 'అంటరాని' అనే మాట ఇందులోంచే పుట్టింది. కొత్త మొక్కను పుట్టించే పనికీ ఇదే మాట పెట్టుకున్నాం. భాషలో రెండూ ఉన్నాయి. పిల్లలకు ఏది చేతికిస్తామన్నది మన ఇష్టం. తెలుగు క్లాసులో అంటు కట్టించడం దేనికని ఒక తోటి టీచరు అడిగితే నేను ఇదే చెప్పాను.

ప్రతి బదిలీకి ముందు వానాకాలంలో అంట్లు కట్టి, వేరు వచ్చిన వాటిని ఆ విద్యాలయంలోనే నేల మీద నాటి రావడం మాకు అలవాటయింది. మాల్వాలో రెండు, రాజస్థాన్‌లో ఒకటి, ఉత్తరప్రదేశ్‌లో నాలుగు. మాల్వా చెట్లు ఇప్పుడు నా చేతికందనంత ఎత్తు పెరిగాయట. అక్కడి ఒక పాత విద్యార్థిని పోయిన శీతాకాలం ఫోటో పంపింది. కింద తెలుగు లిపిలో 'జామ' అని రాసింది. ఊదారంగు బొమ్మ గీసిన ముప్పైమందిలో ఆమె కూడా ఉంది.

2024లో తెలంగాణకు వచ్చాం. ఎర్రనేల, తెలిసిన భాష. చెట్టుకు మాత్రం కాపు తగ్గుతూ వచ్చింది. అంతకుముందు ఒక ఏడాది ఇరవై ఏడు కాయలిచ్చిన చెట్టు, మొన్న ఆరుతో సరిపెట్టింది. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో డ్రమ్ము లోంచి పైకి తీసి, గోడ వెంట చుట్టుకుపోయిన వేర్లను రెండు అంగుళాల మేర కోసి, కొత్త మట్టి నింపేవాళ్లం. ఈసారి తీసి చూస్తే వేర్లు తాడు పేనినట్టు ఒకదానినొకటి బిగించి ఉన్నాయి. ఇంకోసారి కోసి, ఇంకోసారి నింపి, ఇంకో బదిలీ వరకు లాగవచ్చు. లేదా ఇక్కడే నేలలో నాటి, నాకు బదిలీ వచ్చిననాడు వదిలి వెళ్లవచ్చు. పదేళ్లు వెంట తిప్పిన చెట్టును వదలాలంటే మనసు ఒప్పుకోలేదు. మా పాప, ఇప్పుడు ఆరో తరగతి, తేల్చి చెప్పింది: "అమ్మా, నన్ను కూడా డ్రమ్ములో పెట్టి తిప్పుతావా?" అత్తయ్య ఇప్పుడు లేదు. ఉంటే మనవరాలి మాటకు మురిసిపోయేది.

2025 జూలైలో మొదటి మంచి వాన పడ్డాక తొమ్మిదో తరగతి పిల్లలు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున గొయ్యి తవ్వారు. ఆ తొమ్మిదో తరగతిలో ఉత్తరప్రదేశ్ నుంచి మైగ్రేషన్ మీద వచ్చిన పిల్లలూ ఉన్నారు. పైమట్టిలో ఎరువు, వేపపిండి కలిపి, బిగుసుకున్న వేర్లను చేత్తో విప్పి పరిచి నాటాం. డ్రమ్ము కోసి తీయాల్సి వచ్చింది. షరా మామూలే, మూడు వారాల్లో ఆకులు రాలాయి. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎండిందేమోనని రోజూ గోటితో బెరడు గీకి పచ్చగా ఉందో లేదో చూసేది. సెప్టెంబరు కల్లా చిగురు వచ్చింది. నాటకముందే దాని నుంచి కట్టిన అంటు ఒకటి మట్టికుండీలో నా గుమ్మం ముందు ఉంది. ప్రస్తుతానికి ఎనిమిది ఆకులు.

నా తర్వాత ఈ విద్యాలయానికి తెలుగు చెప్పడానికి వచ్చే టీచరుగారికి నాలుగు మాటలు. పంపు పక్కన, గ్రంథాలయం గోడకు ఆరడుగుల దూరంలో ఉన్న జామచెట్టు సర్దార్ రకం. మే నెలలో పూత గిల్లించండి. పిల్లలు ఒప్పుకోకపోతే సగం ఉంచండి, వాళ్లే తెలుసుకుంటారు. ఆకుల వెనక తెల్లగా పిండినల్లి కనబడితే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టించండి. సాయంత్రం నీళ్లు పోసే పని, ఆ ఏడాది దూరం నుంచి వచ్చిన పిల్లలకు ఇవ్వండి. కాయలు మాత్రం అందరికీ.